చెరువు ఎవరు తవ్విన్రు?

మా నాయినమ్మకు ఒక మాట అలవాటు ఉండేది. నల్లా దగ్గరో, బీడీ కార్ఖానా దగ్గరో ఎవరైనా మమ్మల్ని "బయటోళ్ళు" అన్నారని తెలిస్తే, ఆకు కత్తిరిస్తున్న చేయి ఆపి ఇట్లా అనేది: "సిద్ధేశ్వర్ చెరువు తవ్వింది మనోళ్ళే. మనం తవ్విన నీళ్ళు తాగుకుంట మనల్నే బయటోళ్ళంటరా?" మళ్ళీ కత్తెర అందుకునేది. ఆ మాట మీద ఎదురు ప్రశ్న వేసిన మనిషి మా నీలం నగర్ గల్లీలో లేడు.

మన ఇంట్లో చిన్నవాళ్ళందరూ ఈ మాట వింటూనే పెరిగాం. పూణేలో, ముంబైలో, హైదరాబాదులో ఉన్న మన పిల్లలు కూడా దీన్నే చెప్పుకుంటున్నారు. పోయిన నెల మా పాప స్కూల్లో "మన ఊరి చరిత్ర" అని ఒక పేజీ రాయమంటే, మా తాతలు షోలాపూర్ చెరువు తవ్వారు అని రాసి నాకు చూపించింది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో చేసిన పని సరిగ్గా ఉందా లేదా చూడడమే నా తిండి. అట్లాంటిది, సొంత ఇంటి మాటను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదని అప్పుడు అనిపించింది.

ఇంకో కారణం కూడా ఉంది. మా బాపు మొన్న ఎండాకాలంలో చివరి రెండు పవర్‌లూమ్‌లు పాత ఇనుము కింద అమ్మేశాడు. ఇగ కార్ఖానా షెడ్డు ఖాళీ. ఇల్లు కూడా అమ్మి, బాపును అమ్మను పూణేకు నా దగ్గరికి తీసుకుపోదామని నేను, మా ఆయన అనుకున్నాం. బాపు అవునూ అనలేదు, కాదూ అనలేదు. "బిడ్డ ఇంట్ల ఎన్ని రోజులుంటం" అని అమ్మతో అన్నాడట. నాతో మాత్రం, "ఒకసారి చెరువు కాడికి పోయొద్దాం" అన్నాడు. అట్లా ఒక మంగళవారం సెలవు పెట్టి, బాపును, పాపను తీసుకుని పోయాను. అమ్మ జొన్న రొట్టెలు, శేంగా చట్నీ కట్టి ఇచ్చింది.

నీలం నగర్ నుంచి ఆటోలో ఎంతో దూరం కాదు. షోలాపూర్‌లో ఉన్నవాళ్ళకు ఆ చోటు గురించి చెప్పక్కర లేదు గానీ, చూడని మన పిల్లల కోసం చెప్తాను. ఊరి నడుమ పెద్ద చెరువు. ఒక పక్క నల్లరాతి భుయికోట్, అంటే నేల మీద కట్టిన కోట. చెరువు నడుమ ఒక చిన్న దీవి, ఆ దీవి మీద సిద్ధరామేశ్వరుడి గుడి, ఆయన సమాధి. గట్టు నుంచి గుడిదాకా దారి ఉంది, కాబట్టి పడవ అక్కర లేదు. సంక్రాంతికి అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. ఉత్త మంగళవారం పొద్దున మాత్రం పదిమంది కూడా లేరు. గుడి అరుగు మీద కూర్చుంటే నాలుగు దిక్కులా నీళ్ళే కనిపిస్తాయి, బయట రోడ్డు మీద హారన్‌లు దూరం నుంచి వినిపిస్తాయి. మగ్గాల టకటక నడుమ బతికిన మనుషులకు ఆ నిశ్శబ్దం కొంచెం కొత్తగానే ఉంటుంది.

నేను చదువుకున్నది కన్నడ మీడియం. నా చిన్నప్పుడు బాపు పని కోసం కొన్నేళ్ళు రబకవి-బనహట్టిలో ఉన్నాడు, పదో తరగతిదాకా నా చదువు అక్కడే. తెలుగు అక్షరాలు ఇంట్లో, పెళ్ళి పత్రికలు చూసి నేర్చుకున్నాను. అందుకే నా తెలుగులో తప్పులుంటే పెద్దలు దిద్దాలి. కానీ ఆ కన్నడ చదువు వల్ల ఒక లాభం అయింది. చెరువును కన్నడంలో కెరె అంటారు. చెవిని కివి అంటారు. చేతిని కై అంటారు. వాళ్ళ "క" ఉన్న చోట మనకు "చ" వచ్చింది, మాట ఒకటే. ఇంకొకటి, దీవిని కన్నడంలో నడుగడ్డె అంటారు. మన గద్వాల వైపు కృష్ణకు తుంగభద్రకు మధ్య ఉన్న సీమను నడిగడ్డ అంటారు కదా, అదే మాట. షోలాపూర్ జాతరను అందరూ "గడ్డా యాత్ర" అంటారు. ఆ గడ్డా ఏ గడ్డో గానీ, నా చెవికి మాత్రం చెరువు నడుమ ఉన్న ఈ గడ్డే వినిపిస్తుంది.

ఇగ చరిత్రకు వస్తాను. ఈ చెరువు తవ్వించినది సిద్ధరాముడు. 12వ శతాబ్దం మనిషి, బసవన్న కాలం వాడు. అప్పుడు ఈ ఊరి పేరు సొన్నలిగె. ఆయన కన్నడంలో వచనాలు రాశాడు, ప్రతి వచనం చివర "కపిలసిద్ధమల్లికార్జున" అని తన దేవుడి పేరు ఉంటుంది. మాకు స్కూల్లో ఆయన వచనాలు పాఠంగా ఉండేవి. ఆ మల్లికార్జునుడు ఎవరు? మన శ్రీశైలం మల్లన్న.

ఆయన కథను రాఘవాంకుడు అనే కవి "సిద్ధరామ చరిత్రె" అనే కన్నడ కావ్యంగా రాశాడు. పశువులు కాసే పిల్లవాడి దగ్గరికి ఒక జంగమయ్య వచ్చి, నా పేరు మల్లయ్య అని చెప్పి ఆకలి అన్నాడట. పిల్లవాడు పరుగున ఇంటికి పోయి పెరుగన్నం తెచ్చేసరికి మనిషి లేడు. మల్లయ్యా, మల్లయ్యా అని ఏడ్చుకుంటూ తిరిగి, శ్రీశైలం పోయే యాత్రికుల గుంపులో కలిసిపోయాడు. అక్కడ కూడా మల్లయ్య కనిపించక కొండ లోయలో దూకబోతే, దేవుడే చేయి పట్టుకుని ఆపాడని కథ. వెనక్కి పోయి నీ సొన్నలిగెనే శ్రీశైలం చేసుకో అని పంపించాడట. పిల్లవాడు తిరిగి వచ్చి ఊరి చుట్టూ 68 లింగాలు నిలిపాడు, చెరువు తవ్వించాడు అని షోలాపూర్ వాళ్ళ నమ్మకం.

పురాణం సంగతి పక్కన పెట్టినా, ఒకటి నిజం. ఆ కాలంలో కన్నడ దేశం నుంచి, మహారాష్ట్ర నుంచి జనం గుంపులుగా శ్రీశైలం పోయేవాళ్ళు. మన పాలకుర్తి సోమనాథుడు 13వ శతాబ్దంలో "పండితారాధ్య చరిత్ర"లో ఆ శ్రీశైల యాత్రికుల గురించి ఒక ప్రకరణమే రాశాడు. అంటే మనవాళ్ళు ఈ ఊరికి రావడానికి ఆరేడు వందల ఏళ్ళ ముందే, ఈ ఊరికి తెలుగు నేలకు రాకపోకలు ఉన్నాయి. దేవుడు అటు నుంచి ఇటు వచ్చాడు, భక్తులు ఇటు నుంచి అటు పోయారు.

మరి చెరువు తవ్విన చేతులు ఎవరివి? ఇక్కడే నాకు ఆశ పుట్టింది. 15వ శతాబ్దంలో సంకలనం చేసిన "శూన్యసంపాదనె" అనే కన్నడ గ్రంథంలో ఒక ఘట్టం ఉంది. అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చేసరికి చెరువు పని జోరుగా జరుగుతోంది. ఆయన ఆ కూలీలను, మీ ఒడ్డ రాముడు ఎక్కడ అని ఎగతాళిగా అడిగాడు. తమ గురువును అంత మాట అన్నందుకు కూలీలు రాళ్ళు విసిరారు. ఆ రాళ్ళు ఆయనకు తగలకుండా చుట్టూ కుప్ప పడ్డాయట. తర్వాత అల్లముడు సిద్ధరాముడితో వాదించి, చెరువులు గుళ్ళు కట్టిన పుణ్యం వేరు, తనను తాను తెలుసుకోవడం వేరు అని చెప్పి కల్యాణానికి తీసుకుపోయాడు.

ఒడ్డ అంటే ఒడ్డెర. మట్టి పని, రాయి పని చేసే మనుషులు. మహారాష్ట్రలో వడార్ అంటారు, కర్ణాటకలో వడ్డర్, భోవి అంటారు. ఈ మూడు రాష్ట్రాల్లో ఎక్కడున్నా వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఒక రకం తెలుగే. కర్ణాటకలో భోవి సమాజం ఈనాటికీ సిద్ధరాముడిని కులగురువుగా కొలుస్తుంది, చిత్రదుర్గంలో వాళ్ళ గురుపీఠం ఆయన పేరు మీదే ఉంది. ఇది బాపుకు చెప్తే ఆయన ముఖం వెలిగింది. "చూసినవా, మా అవ్వ చెప్పింది అబద్ధం కాదు" అన్నాడు.

కానీ టెస్టర్ బుద్ధి ఊరుకోదు. ఒడ్డెరవాళ్ళు ఇప్పుడు తెలుగు మాట్లాడతారు కాబట్టి 12వ శతాబ్దంలో ఇక్కడ మట్టి మోసినవాళ్ళు కూడా తెలుగే మాట్లాడారని అనలేం. ఆ ఘట్టంలో ఒడ్డ అనేది తిట్టు, కూలీల జాబితా కాదు. ఒకవేళ వాళ్ళు తెలుగువాళ్ళే అనుకున్నా, ఆ గొప్ప ఒడ్డెరవాళ్ళది. మనం పద్మశాలీలం. ఇంకొకరి చెమటను మన ఖాతాలో రాసుకోవడం న్యాయం కాదు.

మనవాళ్ళు ఎప్పుడు వచ్చారో చూద్దాం. ఈ కోట బహమనీల కాలంలో లేచింది. తర్వాత బిజాపూర్ ఆదిల్‌షాహీలు, అహ్మద్‌నగర్ నిజాంషాహీలు దీని కోసం కొట్లాడుకున్నారు. 1818 మే నెలలో పీష్వా మనుషుల చేతిలో నుంచి ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. ఆ సైన్యాన్ని నడిపినవాడు థామస్ మన్రో. కడప, అనంతపురం వైపు దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రోనే. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు చూడండి, ఆ మన్రో. అప్పటి నుంచి షోలాపూర్ బొంబాయి ప్రెసిడెన్సీలోకి పోయింది, మన పల్లెలు నిజాం రాజ్యంలో ఉండిపోయాయి.

1860లో రైలు షోలాపూర్ దాకా వచ్చింది. 1871లో రాయచూరు వరకు కలిసింది. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం రైలు మొదలైంది. 1877లో ఇక్కడ షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది, మన పెద్దలు జునీ మిల్ అనేది అదే. ఈ తేదీలను ఒక వరసలో పెడితే మన కథ దానంతట అదే కనిపిస్తుంది. పల్లెల్లో మిల్లు బట్ట వచ్చి మగ్గం బట్టకు గిరాకీ పడిపోయింది, పైన కరువులు. 1876-78 కరువు, తర్వాత 1896-97, 1899-1900 కరువులు. ఇక్కడ చూస్తే నూలు దొరుకుతుంది, చీరలకు బజారు ఉంది, రైలు ఉంది. అందుకే కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి సాలోళ్ళు వస్తూనే ఉన్నారు. మొదట నూలు చీరలు నేశారు, తర్వాత పవర్‌లూమ్ మీద చాదర్లు, టవళ్ళు. మన ఇంటి వరకు వస్తే, బాపు వాళ్ళ తాత రెండో ప్రపంచ యుద్ధం ముందు వచ్చాడు.

అంటే చెరువు వయసు 800 ఏళ్ళకు పైన. మన ఇంటి వయసు ఇక్కడ 90 ఏళ్ళ లోపు. పరీక్ష ఫెయిల్.

ఇంకొక దారి కూడా చూశాను. చెరువు పేరు తారుమారు అయిందేమో, ఊరి బయట హిప్పర్గా దగ్గర ఉన్న ఏక్రూఖ్ చెరువేమో అని. అది ఇంగ్లీషువాళ్ళు సాగు కోసం కట్టింది, 1871లో పూర్తయింది. అప్పటికి మా ఇంటివాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. పైగా తర్వాత వచ్చిన ఫేమిన్ కోడ్‌లలో నేతవాళ్ళకు వీలైతే వాళ్ళ వృత్తిలోనే పని ఇవ్వాలని ప్రత్యేకంగా రాశారు. కారణం ఏమంటే, రాళ్ళు కొట్టి చేతులు మొరటైతే మళ్ళీ పోగు పట్టదు. కాబట్టి ఇది కూడా కుదరలేదు.

గుడి అరుగు మీద రొట్టెల మూట విప్పుకుంటూ ఇదంతా బాపుకు చెప్పాను. పాప మెట్ల దగ్గర చేపలు చూస్తోంది. నేను మెల్లగానే చెప్పాను, వాళ్ళ అమ్మ మాట కదా. "బాపూ, నాయినమ్మ చెప్పింది కుదరదు. మనోళ్ళు ఎవ్వరు చెరువు తవ్వలేదు."

బాపు కొంచెం సేపు రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మనోళ్ళెవ్వరు తవ్వలేదని అనకు బిడ్డా. మా అవ్వ తవ్వింది."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పింది ఇది.

"బహాత్తర్ దుష్కాళ్" అని మన పెద్దవాళ్ళు అంటారు కదా, 1972 కరువు. ఆ ఏడాది మా ఇంట్లో నూలు కొనడానికి పైసలు లేక మగ్గం ఆగిపోయింది. తాతకు జ్వరం, మంచం పట్టాడు. నాయినమ్మ తెలిసిన ఒకామెను పట్టుకుని, దక్షిణ షోలాపూర్ వైపు ఒక పల్లెకు పోయి, సర్కారు కరువు పనిలో చేరింది. పాజర్ తలావ్ పని. అంటే వాన నీళ్ళు ఆగి భూమిలోకి ఇంకడానికి తవ్వే చెరువు. నాయినమ్మ గంపతో మట్టి మోసింది. అప్పటికి బాపుకు పదేళ్ళు, వెంట పోయాడు. పని దగ్గర పిల్లలకు సుకడీ అని తీపి పిండి పెట్టేవాళ్ళు. రేషన్‌లో మిలో అనే ఎర్ర జొన్న వచ్చేది, అమెరికా నుంచి. "ఆ రొట్టె గొంతు దిగకపోయేది. సుకడీ మాత్రం మస్తుండె. దానికోసమే నేను అవ్వ వెంట పోయేటోణ్ణి" అని నవ్వాడు.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సాలోళ్ళ కోడలు గంప ఎత్తిందంటే గల్లీల ఏమంటరు? అవ్వ నాతోని ఒట్టు వేయించుకుంది. తాతకు సుత చానా రోజులు బీడీల పైసలనే చెప్పింది. తర్వాత తర్వాత ఎవరన్న మాటంటే, మనోళ్ళు చెరువు తవ్విన్రు అనుడు మొదలువెట్టింది. సిద్ధేశ్వర్ పేరు ఎందుకంటే, దేవుడి చెరువు తవ్వుతె సిగ్గు లేదు గద."

ఈ మాట నేను ఇంకా మోస్తూనే ఉన్నాను. నాయినమ్మ చెప్పింది ఊరికే పుట్టిన గొప్ప కాదు. పని నిజం, మట్టి నిజం, తలమీద గంప నిజం. పేరు, ఊరు, కాలం మాత్రమే మార్చింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే డేటా సరైనదే, తప్పు కాలమ్‌లో పడింది.

ఆ కరువు పనుల గురించి మన పిల్లలు తెలుసుకోవాలి. 1970 నుంచి 1973 దాకా మహారాష్ట్రలో వానలు సరిగ్గా పడలేదు, షోలాపూర్ జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1973 మే నెలలో రాష్ట్రమంతా కలిపి దాదాపు 50 లక్షల మంది ఈ పనుల్లో ఉన్నారు. రోడ్లు, బావులు, కట్టలు, పాజర్ తలావ్‌లు. ఆడవాళ్ళే చాలామంది. ఆ అనుభవం నుంచే మహారాష్ట్రలో 1977లో ఉపాధి హామీ చట్టం వచ్చింది, అడిగినవాళ్ళకు పని ఇవ్వడం సర్కారు బాధ్యత అని. 2005లో దేశమంతటికీ వచ్చిన ఉపాధి హామీ చట్టానికి దారి చూపించింది అదే. అంటే మా ఊళ్ళో మన చుట్టాలు ఈ రోజు చేస్తున్న ఉపాధి పనికి ఒక కొస, ఆనాడు గంప ఎత్తిన ఆడవాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళలో నాయినమ్మ ఒకతి. దాంట్లో సిగ్గుపడేది ఏముంది?

సిద్ధరాముడి గురించి కూడా నాకు వేరేగా అర్థమైంది. స్కూల్లో అల్లముడు గెలిచాడని చదివాం. సరే, చెరువు తవ్వితే మోక్షం రాదు కావచ్చు. కానీ తర్వాత ఆయన సమాధి ఎక్కడ ఉంది? కల్యాణంలో కాదు, ఇక్కడే, ఆ చెరువు నీళ్ళ నడుమనే. ఎగతాళికి ఒడ్డ అనిపించుకున్న మనిషికి ఊరంతా జనవరిలో మొక్కుతుంది. సంక్రాంతి ముందు రోజు సమ్మతి కట్ట దగ్గర అక్షతలు, ఏడు నందిధ్వజాల ఊరేగింపు. దేవుణ్ణే పెళ్ళాడతానని పట్టుబట్టిన కుమ్మరి పిల్లకు ఆయన తన యోగదండంతో పెళ్ళి చేయించాడని కథ, ఆ పెళ్ళే ఈ జాతర. శ్రావణ పున్నమికి మన మార్కండేయ రథం ఎట్లాగో, సంక్రాంతికి ఇది అట్లా. మన ఇంట్లో రెండూ చేసుకున్నాం, ఎన్నడూ ఎవరిది అని అడగలేదు.

ఎండ ఎక్కాక లేచాం. పాపకు ఆటోలో సంగతి చెప్పాను, నీ పేజీలో ఒక లైను మార్చాలి అని. "అయితే మా తాతలు తవ్వలేదా?" అని దిగులుగా అడిగింది. "మీ ముత్తవ్వ తవ్వింది. ఈ చెరువు కాదు, వేరేది" అన్నాను. "అదింకా మంచిగుంది" అంది.

ఇంటికి వచ్చాక బాపు ఖాళీ షెడ్డు తలుపు తీసి కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత, "కార్ఖానా సంగతి సరే. ఇల్లు ఇప్పుడే అమ్మొద్దు బిడ్డా. వానాకాలం మీ దగ్గర ఉంటం, గడ్డకు ఇక్కడికే వస్తం" అన్నాడు. మా ఆయనకు ఫోన్ చేసి అదే చెప్పాను. సరే అన్నాడు.

మన ఇంటి చరిత్రలో ఇప్పటిదాకా రాసుకున్న "చెరువు తవ్వినవాళ్ళు" అనే మాటను తీసేయమని నేను అనను. కింద ఇట్లా రాద్దాం: 1972 కరువులో మా నాయినమ్మ, పాజర్ తలావ్ పనిలో, మట్టి మోసింది. ఒట్టు వేయించుకున్న మనిషి పోయి నాలుగేళ్ళయింది, చెప్పిన కొడుకు అనుమతి ఇచ్చాడు. మీ ఇళ్ళలో కూడా బహాత్తర్ నాటి పెద్దలు ఇంకా ఉన్నారు. దగ్గర కూర్చుని అడగండి. వెంటనే చెప్పరు. రొట్టె తుంచుకుంటూ కొంచెం సేపు ఆగాలి.